మొదటి ఫిషింగ్ కయాక్: కొనే ముందు మెట్ల మలుపు కొలవండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: శ్రీకాకుళం టౌన్‌లో మొదటి అంతస్తులో అద్దె ఇల్లు. రూఫ్ రెయిల్స్ లేని చిన్న హ్యాచ్‌బ్యాక్ కారు. మీ బరువు 82 కిలోలు. ఒడ్డు నుంచి గాలం వేయడం అలవాటే, ఇప్పుడు కళింగపట్నం దగ్గర వంశధారలో పండుగప్ప కోసం కయాక్, అంటే ఒక్కరే నడుపుకునే సన్నటి చిన్న పడవ, కొనాలనుకుంటున్నారు. అన్నీ కలిపి 60 వేలు పెట్టగలరు. చెన్నై వైపు ఒక సెకండ్ హ్యాండ్ 12 అడుగుల పెడల్ కయాక్ (కాళ్ళతో తొక్కి నడిపేది) చూశారు. కొనొచ్చా, ఎలా తెప్పించుకోవాలి, కారు మీద కట్టుకెళ్ళొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే ఆ 12 అడుగుల పెడల్ కయాక్ మీకు వద్దండి. 10 అడుగుల పొడవు, 31 నుంచి 33 అంగుళాల వెడల్పు, ఖాళీ బరువు 28 కిలోలు మించని, తెడ్డుతో నడిచే, పైన కూర్చునే రకం ప్లాస్టిక్ కయాక్ చూసుకోండి. కారు మీద నిక్షేపంగా కట్టుకెళ్ళొచ్చు, పైన అడ్డబార్లు వేయించాక. లారీ పార్సిల్‌లో తెప్పించుకోవచ్చు, కానీ రసీదు మీద సంతకం పెట్టే ముందు ఒక పది నిమిషాల పని ఉంది.

బరువు మీద ఎందుకింత పట్టుదల అంటే, ఒక్కసారి వేటకెళ్తే పడవని నాలుగుసార్లు ఎత్తాలి. ఇంట్లోంచి కారు మీదకి, కారు మీద నుంచి రేవులోకి, మళ్ళీ రేవు నుంచి కారు మీదకి, కారు నుంచి ఇంట్లోకి. ఈ నాలుగింట్లో మూడోదే నడుము పట్టేసేది. అప్పటికి మూడు గంటలు తెడ్డు వేసి భుజాలు లాగేస్తుంటాయి, పదకొండు గంటల ఎండ నెత్తి మీద ఉంటుంది, పడవ అడుగున బురద అంటి చేతికి పట్టు దొరకదు. షాపులో ఏసీ కింద ఇద్దరు కుర్రాళ్ళు ఎత్తి చూపించిన బరువు లెక్కలోకి రాదు. ఆ మూడో ఎత్తుడు ఒక్కరే ఎత్తగలరా లేదా అన్నదే మీ కొలబద్ద.

ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు 30 కిలోలు ఉంటుంది. దాన్ని కింద నుంచి మీ అంతస్తుకి ఆగకుండా మోయగలిగితే 28 కిలోల కయాక్ మీ చేతిలో పని. 12 అడుగుల పెడల్ రకాలు ఖాళీగానే 40 కిలోలు దాటతాయి, పెడల్ డ్రైవ్, సీటు అదనం. అది ఇద్దరు మనుషుల పడవ. రెండో మనిషి ప్రతి ఆదివారం తెల్లవారి నాలుగింటికి లేచి రాడు.

ఇక మెట్లు. పది అడుగుల వెదురు బొంగు ఒకటి తీసుకుని, మధ్యలో 33 అంగుళాల కర్ర అడ్డంగా కట్టి, మీ మెట్ల మలుపులో తిప్పి చూడండి. పాత ఇళ్ళల్లో మూడడుగుల మెట్లు, మధ్యలో వెనక్కి తిరిగే మలుపు ఉంటే కయాక్‌ని నిలువుగా లేపితే గానీ తిరగదు. నిలువుగా లేపాలంటే పైన పదకొండు అడుగుల ఖాళీ కావాలి. బొంగు తిరక్కపోతే ఇంటివాళ్ళని బతిమాలుకుని కింద పార్కింగ్‌లో గోడవారగా చోటు ఖాయం చేసుకున్నాకే డబ్బు కట్టండి. అడ్వాన్స్ కట్టేశాక ఈ సంగతి తెలిసి, కొత్త పడవని చుట్టాలింట్లో పెట్టిన వాళ్ళున్నారు. చుట్టాలింట్లో ఉన్న పడవ నెలకోసారి కూడా నీళ్ళు చూడదు.

మోసే సామర్థ్యం లెక్క. కంపెనీ రాసే గరిష్ఠ బరువు అంటే పడవ మునగకుండా ఉండే బరువు, హాయిగా నడిచే బరువు కాదు. అందులో 70 శాతమే వాడుకోవాలి. మీరు 82, లైఫ్ జాకెట్, గాలాలు, నీళ్ళ సీసాలు, ఐస్ డబ్బా, లంగరు కలిపి ఇంకో 18, మొత్తం 100 కిలోలు. 100ని 0.7తో భాగిస్తే దాదాపు 143. కాబట్టి కనీసం 150 కిలోలు రాసి ఉన్నది చూడండి. తక్కువ రకం కొంటే ఏమవుతుందంటే, పడవ అడుగున ఆరేడు కన్నాలుంటాయి, పైన పడ్డ నీళ్ళు కిందికి జారడానికి. పడవ ఎక్కువ దిగితే అవే కన్నాల్లోంచి నీళ్ళు పైకి ఎగదన్ని సీటు కింద మడుగు కడతాయి. మూడు గంటలు తడి సీటులో కూర్చోవాలి. బిరడాలు పెడితే ఆగుతుంది గానీ, అప్పుడు అలతో వచ్చిన నీళ్ళు బయటికి పోవు.

వెడల్పు 31 అంగుళాలకి తగ్గితే చేప లాగేటప్పుడు ఒరుగుతుంది. 36కి పోతే తెడ్డు అంచులకి తగులుతుంటుంది, గాలికి ఎదురు వెళ్ళడం చాకిరీ అయిపోతుంది.

లోపల కూర్చునే రకం అసలు చూడకండి. తిరగబడితే గుంటలా నీళ్ళు నిండుతాయి, ఒంటరిగా తోడుకుని మళ్ళీ ఎక్కడం వల్ల కాదు. పైన కూర్చునే రకం మూత వేసిన డబ్బా లాంటిది, తిరగబడ్డా తేలుతుంది.

ప్లాస్టిక్, ఫైబర్, గాలి నింపేది. మన నీళ్ళకి మొదటి కయాక్ పాలిథిలీన్‌దే. నీళ్ళ ట్యాంకుల్ని అచ్చులో తిప్పి పోసినట్టే దీన్నీ పోస్తారు. ఇసుక మీద ఈడ్చినా, రాయికి కొట్టుకున్నా గీతలు పడతాయి తప్ప పగలదు. చీలితే ఎం-సీల్, ఫెవిక్విక్, ఫైబర్ రెజిన్ ఏవీ దీనికి పట్టవు, వారంలో పెచ్చులా ఊడొస్తాయి. అదే రకం ప్లాస్టిక్ ముక్కని వేడి చేసి కరిగించి అతకాలి. మేడల మీద నల్ల ట్యాంకులు అతికేవాళ్ళు ప్రతి టౌన్‌లో ఉంటారు, వాళ్ళకి ఈ పని కొత్తేం కాదు.

ఫైబర్ కయాక్ తేలిగ్గా ఉంటుంది, నీళ్ళలో చురుగ్గా పోతుంది. రిపేరు కూడా సులువే, ఫైబర్ తెప్పలున్న ప్రతి మత్స్యకార పల్లెలో మ్యాట్, రెజిన్ వేసే మనిషి దొరుకుతాడు. ఇబ్బంది ఏమిటంటే వంతెన కాళ్ళకి, రాళ్ళకి పట్టిన ఆల్చిప్పల మీద ఒక్కసారి రాసుకుంటే పై పూత లేచి నార తేలుతుంది. రెండో పడవగా మంచిదే.

గాలి నింపే రకం మీలాంటి అంతస్తు ఇళ్ళవాళ్ళకి ఊరించే మాట. 10-15 కిలోలు, డిక్కీలో పడుతుంది. చెరువుకీ రిజర్వాయరుకీ సరిపోతుంది. ఉప్పుగెడ్డలో ఆల్చిప్ప, గాలం ముల్లు, జెల్ల ముల్లు, మూడూ దానికి శత్రువులే. ఇంకోటి, తెల్లవారుజామున చల్లదనంలో గట్టిగా నింపిన పడవని పది గంటలకి ఒడ్డున ఎండలో వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి కుట్టు దగ్గర విచ్చుకుంటుంది. ఒడ్డుకి రాగానే కొంచెం గాలి తీసేయాలి. గాలికి ఆకులా కొట్టుకుపోతుంది కూడా. మీ మెట్ల పరీక్ష ఫెయిలైతే, కింద చోటు కూడా దొరక్కపోతే అప్పుడే దీని గురించి ఆలోచించండి, అదీ కళింగపట్నానికి కాదు.

పెడల్ ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి కదా. డబ్బు ఒక కారణమే. అసలు కారణం వలలు. వంశధార మొగలోనైనా (నది సముద్రంలో కలిసే చోటు), అటు విజయనగరం జిల్లాలో చంపావతి కలిసే కోనాడ దగ్గరైనా, నీళ్ళకి అడ్డంగా కనపడని వలలు కట్టి ఉంటాయి. పైన తేలే థర్మోకోల్ ముక్కో, ఖాళీ ప్లాస్టిక్ సీసానో ఒక్కటే గుర్తు. తెడ్డుతో పోయేవాడు వల మీద నుంచి జారిపోతాడు. పెడల్ కింద రెక్కలు ఒకటిన్నర అడుగు కిందికి దిగి ఉంటాయి, వలలో ఇరుక్కుంటే చించక తప్పదు. ఒకరి వల చిరిగిన రోజు నుంచి ఆ రేవులో మీకు మర్యాద ఉండదు, ఉండకూడదు కూడా. ఎగువన నదుల్లో గుర్రపుడెక్క, నాచు అదే పని చేస్తాయి. పాటు సమయంలో, అంటే సముద్రం నీళ్ళు వెనక్కి తీసేటప్పుడు, మోకాలి లోతు ఇసుక మేటల మీద పెడల్ అసలు తిరగదు.

సెకండ్ హ్యాండ్ అయితే ఇలా చూడండి. రిసార్టుల్లో అద్దెకి తిప్పి అమ్మేసేవి ఎక్కువ వస్తాయి, చెడ్డవేం కావు. బాత్రూమ్ తూకం మీద నిలబెట్టి తూయండి. కంపెనీ రాసిన బరువు కన్నా రెండు మూడు కిలోలు ఎక్కువ ఉంటే లోపల నీళ్ళో, నీళ్ళు పీల్చిన ఫోమో ఉంది. వెనక భాగం అడుగున చెయ్యి పెట్టి తడమండి. ఒక్కరే ముందు పట్టుకుని ఈడ్చుకెళ్తే అరిగేది అక్కడే. గోరుతో గీరితే మెత్తగా, పలచగా వంగితే వదిలేయండి. రంగు వేలికి సుద్దలా అంటుతుంటే ఏళ్ళ తరబడి ఎండలో పడి ఉందని అర్థం, అలాంటి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. అడుగు కన్నాల లోపలి అంచుల్లో వెంట్రుక మందం గీత కనపడినా అది పగులే.

కారుతుందో లేదో తెలుసుకోవడానికి నదిదాకా పోనక్కర్లేదు. డ్రెయిన్ బిరడా (పడవ పొట్టలో చేరిన నీళ్ళు తీసే కన్నానికి పెట్టేది) తీసి లోపల ఐదారు లీటర్ల నీళ్ళు పోయండి, బిరడా బిగించి పడవని ముందుకీ వెనక్కీ పక్కలకీ ఒంచుతూ బయట ఎక్కడ చెమ్మ తేలుతుందో చూడండి. ఇంకో పద్ధతి ఉంది, అతుకుల మీద సబ్బు నురుగు పూసి బిరడా కన్నంలోంచి నోటితో గాలి ఊదడం, బుడగ లేచిన చోట కన్నం. నోటితోనే సుమండీ. పంక్చర్ షాపు కంప్రెసర్ పెడితే అతుకు విచ్చుకుంటుంది.

లారీలో రావడం. అమ్మేవాళ్ళు చెప్పే ధరలో జీఎస్టీ ఉందా, ప్యాకింగ్ ఉందా, శ్రీకాకుళం గోడౌన్‌దాకా కిరాయి ఉందా, మూడూ విడివిడిగా అడిగి రాయించుకోండి. 50 వేలు దాటిన సరుకుకి ఈ-వే బిల్లు ఉండాలి, లేకపోతే దారిలో ఆపేస్తారు. సీటు, తెడ్డు, మూతలు విప్పి వేరే కట్టగా పంపమనండి. పడవలోనే వదిలేస్తే దించేటప్పుడు సీటు పట్టీ పట్టుకుని లాగుతారు, అది ఊడొస్తుంది.

లారీలో పడవకి హాని చేసేది దూరం కాదు, పైన పడే సరుకు. కలగలుపు లోడులో అడుగున పడేసి మీద ఇనుపసామాను ఎక్కిస్తే పడవ పొట్ట లోపలికి పోతుంది. "పై లోడు" అని ఎల్ఆర్ (లారీ రసీదు) మీద రాయించండి, ప్యాకింగ్ మీద కూడా తెలుగులో, తమిళంలో పెద్దక్షరాలతో అంటించమనండి. ఎక్కించేవాళ్ళు చదివే భాషలో ఉండాలి కదా.

గోడౌన్‌లో తీసుకునేటప్పుడు తొందర పెడతారు. ప్యాకింగ్ విప్పకుండా సంతకం పెట్టొద్దు. ముందు మూతి, వెనక అడుగు, అడుగు కన్నాలు, మూత అంచులు, ఈ నాలుగూ చూడండి. సొట్ట ఉంటే భయపడనక్కర్లేదు. మధ్యాహ్నం ఎండలో బోర్లా పెడితే చాలావరకు అదే తేరుకుంటుంది, మొండికేస్తే వేడినీళ్ళు పోస్తూ లోపల నుంచి చేత్తో నొక్కాలి. పగులుంటే మాత్రం ఫోటో తీసి, వాళ్ళ కాపీ మీదా మీ కాపీ మీదా "డ్యామేజ్‌తో అందింది" అని రాసి తేదీ వేశాకే సంతకం. ఆ ఒక్క ముక్క లేకపోతే తర్వాత అమ్మినవాళ్ళు లారీవాళ్ళ మీద, లారీవాళ్ళు అమ్మినవాళ్ళ మీద తోసేసుకుంటారు.

గోడౌన్ నుంచి ఇంటికి టాటా ఏస్ మాట్లాడుకుంటారు. ఏస్ తొట్టి పొడవు 7 అడుగుల చిల్లర, మీ పడవ 10. వెనక్కి మూడడుగులు వేలాడదీసి ఎర్రగుడ్డ కట్టేద్దాం అంటాడు డ్రైవరు. ఒప్పుకోవద్దు. మూతిని క్యాబిన్ పైకి ఏటవాలుగా ఎక్కించి, తగిలే చోట రెండు గోనెసంచులు మడిచి పెట్టి, వెనక చివరని తొట్టిలోనే ఒక పాత టైరు మీద ఆనించి కట్టండి. అలా లేపి కట్టినప్పుడు సందుల్లో కరెంటు సర్వీసు వైర్లు, పండగ పందిళ్ళు చూసుకోవాలి. బొలెరో పికప్ తొట్టి 9 అడుగులు, కిరాయి కొంచెం ఎక్కువైనా పని తేలిక.

ఇక కారు. మీ దాంట్లాంటి హ్యాచ్‌బ్యాక్‌లు బంపరు నుంచి బంపరుకి 3.6 నుంచి 3.8 మీటర్లు. 10 అడుగులంటే 3.05 మీటర్లు, కారు పొడవులోనే ఇమిడిపోతుంది. 12 అడుగులది 3.66 మీటర్లు, కొంచెం వెనక్కి జరిగితే చాలు, బయటికి పొడుచుకొస్తుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో వచ్చిన సెక్షన్ 194(1ఎ) ప్రకారం, హద్దు దాటి ముందుకీ వెనక్కీ పక్కలకీ వచ్చిన లోడుకి జరిమానా 20 వేలు. మీ బడ్జెట్‌లో మూడో వంతు ఒక్క చలానాకి పోతుంది.

రూఫ్ ఎంత మోస్తుందో కారుతో ఇచ్చిన మాన్యువల్‌లో ఉంటుంది, చిన్నకార్లకి తరచుగా 50 కిలోలు, అదీ బార్ల బరువుతో కలిపి. పడవ 28, బార్లు 5, సరిపోయింది. రెయిల్స్ లేని కారుకి తలుపు ఫ్రేముకి కొక్కేలతో పట్టే అడ్డబార్లు దొరుకుతాయి. రెండు బార్ల మధ్య దూరం ఎంత ఎక్కువుంటే అంత మంచిది, కనీసం రెండున్నర అడుగులు. మెత్తటి ప్యాడ్లు వేసి తలుపుల్లోంచి పట్టీలు లాగి కట్టే రకం చవకే గానీ వానలో ఆ పట్టీల వెంబడి నీళ్ళు నేరుగా సీటు మీదకి దిగుతాయి. ఏడాదికి రెండుసార్లకైతే సరే.

ఒక్కరే ఎక్కించే పద్ధతి: కారు వెనక అద్దం మీద, స్పాయిలర్ మీద రబ్బరు మ్యాట్ పరవండి. యాంటెన్నా విప్పి లోపల పెట్టుకోండి. పడవని కారు వెనక పొడవుగా, అడుగు పైకి వచ్చేలా బోర్లా పెట్టి, మూతి ఎత్తి వెనక బారుకి ఆనించండి. ఇప్పుడు సగం బరువు బారు మోస్తోంది. వెనక్కి వచ్చి తోకని ఎత్తి ముందుకి తోయండి. మొత్తం బరువు మీ చేతుల్లో పడే క్షణం ఎక్కడా రాదు. బోర్లా కట్టడమే మంచిది. పై అంచులు బిరుసుగా ఉంటాయి, సొట్టపడవు, దారిలో వాన కురిసినా పడవ తొట్టిలా నిండదు.

కట్టడానికి 25 మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవున్న పట్టీలు రెండు, నొక్కితే పట్టుకునే బకిల్‌వి. లారీలకి వాడే టకటకా బిగించే రాచెట్ పట్టీలు వద్దు. వాటితో ఎంత బిగించామో చేతికి తెలియదు, ఎండలో మెత్తబడ్డ ప్లాస్టిక్ మీద గాడి పడిపోతుంది. పట్టీని పడవ మీద నుంచి అవతలికి వేసి, బారు కింద నుంచి తిప్పి, మళ్ళీ పైనుంచి ఇవతలికి తెచ్చి, ఇవతలి బారు కింద నుంచి బకిల్‌లోకి. చేత్తో గట్టిగా లాగితే చాలు, మోకాలు పెట్టి లాగక్కర్లేదు. మిగిలిన కొస బారుకి చుట్టి ముడేయండి, వదిలేస్తే గాలికి కారు పెయింటుని కొరడాలా కొడుతుంది. పడవకీ బారుకీ మధ్య కనపడే పట్టీని ఒక మెలి తిప్పండి. లేకపోతే కారు వేగం 50 దాటగానే భూతం పట్టినట్టు బుంయ్‌మని మోగుతుంది, మెలి పడితే ఆ మోత ఉండదు.

తర్వాత పడవని పట్టుకుని ఊపండి. పడవ కదిలి కారు కదలకపోతే వదులుగా ఉన్నట్టు. పడవతోపాటు కారు ఊగాలి.

ఇది చాలనుకుని ముందూ వెనకా తాళ్ళు కట్టనివాళ్ళే ఎక్కువ. హైవే మీద ఎదురుగా వచ్చే లారీ గాలి కొట్టినప్పుడు పైకి లేచేది మూతి, మధ్య పట్టీలు కాదు దాన్ని ఆపేది. మూతి హ్యాండిల్ నుంచి బానెట్ కింద కొక్కేనికి ఒక తాడు, తోక నుంచి వెనక కొక్కేనికి ఒకటి. కొబ్బరి తాడు వద్దు, తడిసి ఆరితే వదులవుతుంది. నైలాన్ సాగుతుంది, లారీవాళ్ళు టార్పాలిన్‌కి వేసే మెలిక ముడి వేయడం రాకపోతే ఆ రెండింటికీ కూడా పట్టీలే కొనుక్కోండి. బయల్దేరాక మొదటి పది నిమిషాల్లో ఒకసారి ఆగి అన్నీ చేత్తో లాగి చూడాలి, పట్టీలు సర్దుకుని వదులయ్యేది అప్పుడే. కళింగపట్నం 30 కిలోమీటర్ల లోపే, 60 దాటకుండా వెళ్ళినా పెద్ద తేడా రాదు.

రేవు నుంచి నీళ్ళదాకా ఈడ్చొద్దు. ప్లాస్టిక్ కదా ఏంకాదు అనుకుంటారు గానీ తోక అరిగేది ఇలాగే. సన్న చక్రాల ట్రాలీ మెత్తటి ఇసుకలో దిగబడిపోతుంది. నాలుగంగుళాల పీవీసీ పైపు మూడడుగుల ముక్కలు మూడు చాలు. పడవ కింద రెండు, ముందు ఒకటి, దాటిన ముక్కని తీసి మళ్ళీ ముందు పెట్టుకుంటూ పోవాలి. తెప్పల్ని దుంగల మీద దొర్లించే పద్ధతే ఇది.

60 వేలలో పంపకం. పడవకి 40 దాటనివ్వకండి. మిగతా 20లో అడ్డబార్లు, పట్టీలు, లారీ కిరాయి, లైఫ్ జాకెట్, తెడ్డు. చేప కనిపెట్టే యంత్రం మొదటి ఏడాది జోలికి పోవద్దు. తెడ్డు 240 సెంటీమీటర్లది. పడవతోపాటు వచ్చే 220 తెడ్డు 32 అంగుళాల పడవకి పొట్టి, తెడ్డు వేసిన ప్రతిసారీ చెయ్యి అంచుకి కొట్టుకుంటుంది. లైఫ్ జాకెట్ ఫోమ్‌దే కావాలి, వీపు భాగం పైకి ఉండి సీటుకి తగలనిది. వేసుకుని భుజాల దగ్గర ఎవరినైనా పైకి లాగమనండి, గడ్డం దాటి పైకొస్తే అది మీ సైజు కాదు. సీటు కింద పెట్టుకునే జాకెట్ ఉన్నా లేనట్టే.

గాలం కర్ర పెట్టే గొట్టాలు పడవతో రాకపోతే బిగించుకోవాలి. మామూలు జీఐ స్క్రూలు ఉప్పునీళ్ళకి నెలలోనే తుప్పు పడతాయి, 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ అడగండి. సిలికాన్ ఈ ప్లాస్టిక్‌కి అంటదు, రబ్బరు వాషరు పెట్టి బిగించండి. కన్నం వేసే ముందు పడవలో కూర్చుని తెడ్డు గాలిలో తిప్పి చూసుకోండి, తెడ్డు దారిలో గొట్టం ఉండకూడదు.

మొదటి నెల ఎక్కడ? కళింగపట్నం సముద్రపు ఒడ్డు నుంచి కాదు. అక్కడ అలలు విరిగే చోట దించడం వేరే విద్య. నది లోపలి వైపు నుంచి దిగండి, మొగకి దూరంగా, మొదట ఎగువకి వెళ్ళండి. ఈ తీరంలో అమావాస్య పౌర్ణములకి పోటుకీ పాటుకీ తేడా మీటరున్నర దాకా ఉంటుంది. పాటు తీసేటప్పుడు నది నీళ్ళు, సముద్రం నీళ్ళు కలిసి మొగలోంచి బయటికి తోస్తాయి, అదే సమయానికి బయట అల లోపలికి వస్తుంది. రెండూ కొట్టుకునే చోట 10 అడుగుల పడవ అడ్డం తిరిగితే నిలవదు. పోటు సగంలో దిగి, పాటు ఊపందుకోకముందే ఒడ్డెక్కండి. జులై నుంచి అక్టోబరు మధ్య వంశధార మీదున్న గొట్టా బ్యారేజీ నుంచి నీళ్ళు వదిలారని తెలిస్తే ఆ రోజు మానుకోండి. అక్టోబరు 11, 2018న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది, ఆ నెలల్లో తుపాను హెచ్చరికలు, ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ) ఇచ్చే అలల సూచన చూడకుండా ఇల్లు కదలొద్దు.

గాలి గురించి ఒక్కమాట. చలికాలం తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. నీళ్ళు అద్దంలా ఉంటాయి, తెడ్డు వేయకుండానే పడవ పోతుంటుంది, ఎంత దూరం పోయామో తెలియదు. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ఎదురు.

రిజర్వాయర్లు, చెరువులు ప్రశాంతంగానే ఉంటాయి గానీ చేప ఎవరిదో అడగాలి. ఊరి చెరువులు లీజుకిస్తారు, పెద్ద జలాశయాల్లో సొసైటీల వాళ్ళకి లైసెన్సులుంటాయి. తాటిపూడి జలాశయం నీళ్ళు విశాఖకి తాగునీళ్ళు. మడ్డువలస అయినా మరోటైనా మొదట సొసైటీ పెద్దతో మాట్లాడి, ఇరిగేషన్ వాళ్ళని అడిగి దిగండి. నాగావళి మీద నారాయణపురం ఆనకట్ట లాంటి చోట్ల కట్టకి పైనా కిందా దగ్గరికి పోవద్దు. కట్ట దాటి పడే నీళ్ళు కింద తిరగలిలా తిరుగుతాయి, లైఫ్ జాకెట్ ఉన్న మనిషిని కూడా వదలవు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం మోటారు పడవలకి. తెడ్డు పడవకి అది లేదు, కానీ వెనక చిన్న మోటారు బిగిస్తే మీదీ మోటారు పడవే. రేవులో మత్స్యకారులకి, దగ్గర్లోని మెరైన్ పోలీసులకి ఒకసారి కనపడి ఎవరో ఏమిటో చెప్పుకోండి. కోస్ట్ గార్డ్ నంబరు 1554, తీర భద్రత 1093, ఫోనులో ఎక్కించి, ఫోను నీళ్ళు చొరని సంచిలో పెట్టి మెడకి కట్టుకోండి. పడవ పెట్టెలో పెడితే పడవతోపాటే పోతుంది.

గాలాలు పట్టుకెళ్ళే ముందు ఒక రోజు ఒట్టి పడవతో వెళ్ళి, ఛాతీ లోతు నీళ్ళలో కావాలనే తిరగబడి మళ్ళీ ఎక్కండి. బోర్లా పడ్డ పడవకి అడ్డంగా పైకెగబాకి, అవతలి అంచు పట్టుకుని మీ వైపు వెనక్కి పడుతూ తిప్పండి. తర్వాత మధ్యలో పట్టుకుని, కాళ్ళు ఈత కొడుతున్నట్టు నీటి పైకి తెచ్చి, పొట్ట పడవ మీదకి జార్చండి. లేవాలని తొందరపడొద్దు, బోర్లా పడుకుని ఉండగానే మొదట నడుము తిప్పి కూర్చుని, ఆ తర్వాత కాళ్ళు తెచ్చుకోండి. ఐదుసార్లు వరసగా వచ్చాకే గాలం కట్టండి.

లంగరు ఒకటిన్నర కిలోలది చాలు, తాడు 20 మీటర్లు. ఎప్పుడూ మూతికో తోకకో కట్టాలి. పక్కకి కడితే ప్రవాహం పడవని అడ్డం తిప్పి ముంచేస్తుంది. కొస దగ్గర ఒక ఖాళీ సీసా కట్టి ఉంచండి, ఇరుక్కుంటే తాడు వదిలేసి తర్వాత వచ్చి తీసుకోవచ్చు. కత్తి అందేచోట ఉండాలి.

ఇంటికొచ్చాక మంచినీళ్ళతో కడిగి, అల్యూమినియం తెడ్డు అయితే రెండు ముక్కలూ విడదీసి ఆరబెట్టండి. ఉప్పుతో కలిపి ఉంచేస్తే పది రోజుల్లో అతుక్కుపోయి సుత్తి పెట్టినా రావు. పడవని నీడలో, బోర్లా, రెండు చివర్ల నుంచి పావు వంతు లోపల రెండు ఆసరాల మీద పెట్టండి. హ్యాండిళ్ళకి వేలాడదీయొద్దు. మూతలు తెరిచి ఉంచితే లోపలి చెమ్మ పోతుంది, కానీ కింద పార్కింగ్‌లో అయితే ఎలుకలు కాపురం పెడతాయి, పాత దోమతెర ముక్క కట్టండి. డ్రెయిన్ బిరడా విప్పగానే సీటుకి దారంతో కట్టేయండి. రేవుకి చేరాక బిరడా ఇంట్లో మర్చిపోయానని తెలుసుకునేవాళ్ళు తక్కువేం కాదు.

మీ కారు మోడల్, మెట్ల మలుపు కొలత రాయండి, ఏ బార్లు పడతాయో చూసి చెప్తాను. ఆ 12 అడుగుల దానికి అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే మాత్రం ముందు దాని తూకం ఫోటో అడగండి.